టేకు ర్యాక్‌లో ఖాళీ అర

బుధవారం ఉదయం ఆరు గంటల నాలుగు నిమిషాలకు భావనారాయణ గారు రిమోట్ నొక్కారు.

టీవీ తెర నీలంగా వెలిగింది. మధ్యలో తెల్లటి అక్షరాలు. డిస్క్ దొరకలేదు.

మళ్లీ నొక్కారు. మళ్లీ అదే.

డెబ్భై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు వయొలిన్ పాఠాలు చెప్పిన చెయ్యి. ఆ చెయ్యి మూడోసారి నొక్కి రిమోట్ కింద పెట్టింది. లేచి వెళ్లి ర్యాక్ అద్దం తలుపు ముందు వంగి చూశారు. మూడో అర ఖాళీగా ఉంది.

ఏడూ ఇరవైకి ఆయన విజయనగరం టౌన్‌లో పోలీస్ స్టేషన్ మెట్లెక్కారు.

"ఏం పోయింది మాస్టారూ?" అంది ఎస్సై యమున.

"మా ఆవిడ గొంతు."

యమునకి ఇలాంటి మాటలు నచ్చవు. ఫిర్యాదులో రాయడానికి పనికిరావు.

"వస్తువు చెప్పండి."

"హార్డ్ డిస్క్."

"అందులో ఏముంది?"

ఆయన చెప్పారు. భార్య బాలసరస్వతి ఒకప్పుడు పేరున్న గాయని. మూడేళ్ల కిందట గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. ముప్పై ఏళ్ల కచేరీలు క్యాసెట్లలో ఉన్నాయి. వాటికి బూజు పట్టింది. శిష్యుడు మోహనకృష్ణ రెండేళ్లు కూర్చుని ఒక్కొక్కటీ డిస్క్‌లోకి ఎక్కించాడు. ఒకసారి తిరిగేసరికే టేపు మీది పొర రాలిపోయింది. అన్నీ అయ్యాక ఆ క్యాసెట్లు పారేశారు. మొత్తం రెండు వందల పన్నెండు గంటల పాట.

"రెండో కాపీ ఉందా?"

"లేదు."

"ఎందుకు తీయలేదు?"

"ఒక్కటే ఉంటే బయటికి పోదనుకున్నాను."

బయటికి పోకపోవడం సరే, ఇంట్లోనూ లేకుండా పోయింది. ఆ మాట యమున పైకి అనలేదు.

*

ఎనిమిదింబావుకి యమున, హెడ్ కానిస్టేబుల్ కూర్మయ్య కోట వెనక వీధిలో ఉన్న ఆ ఇంటికి చేరారు.

హాల్లో గోడకి ఆనించి టేకు ర్యాక్. ఐదు అరలు. బరువుది కాబట్టి యూపీఎస్ అడుగున. దాని పైన పాత క్యాసెట్ డెక్. మూడో అర డిస్క్‌ది. నాలుగులో ఇంటర్నెట్ డబ్బా. వేడి పైకి పోవాలి కాబట్టి ఆంప్లిఫైర్ అన్నిటికన్నా పైన, దాని నెత్తిన గాలి పోయే చీలిక. ముందు అద్దం తలుపు, దానికి తాళం. ఆంప్లిఫైర్ దీపం పచ్చగా వెలుగుతోంది. రెండు మూలలా రెండు స్పీకర్లు. హాలు నిశ్శబ్దంగా ఉంది.

కూర్మయ్య వెనక టార్చి వేసి చూశాడు. ప్రతి వైరుకీ రెండు కొసల్లోనూ చీటీ. ఏది ఎక్కడికి పోతుందో రాసి ఉంది. జానెడు దూరానికి ఒక నల్లటి గుడ్డపట్టీ.

"ఏటి మేడం ఇది? వైరింగా, పూలజడా?"

"ఎవరు చేశారు?" యమున అడిగింది.

"గోవింద్ అని, భోగాపురం వైపు కుర్రాడు," అన్నారు భావనారాయణ గారు. "చేపలోళ్ల ఇంట్లో పుట్టాడు గానీ చెయ్యి బంగారం."

పొగిడారో తీసిపారేశారో ఆయనకే తెలియాలి.

తాళం పగలలేదు. డిస్క్ నుంచి ఊడదీసిన రెండు వైర్లూ వేలాడడం లేదు. చుట్టగా చుట్టి, పట్టీ బిగించి, అరలో ఓ పక్కన పెట్టి ఉన్నాయి.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి పూజగదిలో మేకుకి ఉంటుంది. ఇంకోటి రిపేర్ల కోసం గోవింద్ దగ్గర ఉంచాను."

"డిస్క్ ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న మంగళవారం పొద్దున్న. ఎనిమిది దాకా విన్నాను. ఎనిమిదిన్నరకి నేనూ మోహనకృష్ణా రామతీర్థం వెళ్లాం, గుళ్లో కచేరీ. ఒంటిగంటంబావుకి వచ్చాం. సాయంత్రం పాఠాలు. దాని జోలికి పోలేదు."

"మధ్యలో ఇంట్లో ఎవరున్నారు?"

"పనిమనిషి ఈశ్వరి తొమ్మిదికి వచ్చి పదికి వెళ్లింది. ఈవిడ ఉంది."

ఈవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అరవై ఆరేళ్లుంటాయి. మెడచుట్టూ తెల్లటి గుడ్డ. చేతిలో చిన్న నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను.

"అమ్మా, నిన్న ఎవరైనా వచ్చారా? ఏమైనా చప్పుడు విన్నారా?"

బాలసరస్వతి బుక్కు తెరిచి రాయడం మొదలుపెట్టింది. రెండు మాటలు పూర్తి కాలేదు.

"మందు వేసుకుని పడుకుందండీ. ఏమీ తెలీదు," అన్నారు భావనారాయణ గారు.

పెన్ను ఆగింది. ఆవిడ బుక్కు మూసేసింది. యమున తన డైరీలో రాసుకుంది. నిద్ర. ఏమీ తెలియదు.

ఇల్లంతా వెతికారు. బీరువాలు, అటక, పెరట్లో నీళ్ల తొట్టి. డిస్క్ లేదు.

"దొంగ ఇంత ఓపిగ్గా వైర్లు సర్దుతాడా మేడం?" అన్నాడు కూర్మయ్య.

"దొంగ సర్దడు. పనివాడు సర్దుతాడు," అంది యమున. ఈ మాట ఆమెకి ఆ తర్వాత చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

*

పదిన్నరకి గోవింద్ దొరికాడు. భోగాపురంలో కొత్తగా కడుతున్న హోటల్లో నిచ్చెన మీద ఉన్నాడు. నలభై గదుల వైరింగ్ పని. అతని చేతికి వచ్చిన మొదటి పెద్ద పని. మేనేజరూ మేస్త్రీలూ చూస్తుండగా పోలీసులు అతన్ని నిచ్చెన దించారు.

ముప్పై నాలుగేళ్ల వాడు. స్టేషన్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంగళవారం పదికీ ఒంటిగంటకీ మధ్య ఎక్కడున్నావు?"

"ఆ ఈదిలోనే ఉన్నాను మేడం. నాలుగిళ్ల అవతల గోడకి టీవీ ఎక్కించినాను."

"మాస్టారింటికి వెళ్లావా?"

"నేదు."

"ఎందుకు వెళ్లలేదు? నాలుగిళ్లేగా?"

"బుధవారం సాయంత్రం వస్తానని సెప్పినాను. ఆ రోజు సామాను తేలేదు."

"ర్యాక్ తాళంచెవి నీ దగ్గర ఉందా?"

"ఉన్నాది. ఇదిగో."

"ఇంకోటి?"

"మేస్టారి కాడ."

"అంటే మాస్టారే దొంగిలించుకున్నారా?"

గోవింద్ దగ్గర తాళంచెవి ఉంది. వీధిలో ఉన్నాడు. సర్దే అలవాటు ఉంది. యమున అతన్ని బల్ల మీద కూర్చోబెట్టింది. ఇంటికి పంపలేదు.

గురువారం మోహనకృష్ణని పిలిచింది.

"కాపీ కావాలని మీ గురువుగారిని అడిగారట?"

"రెండుసార్లు అడిగాను. ఇవ్వలేదు."

"కోపం వచ్చిందా?"

"ఏడుపు వచ్చింది. రెండేళ్లు నా చేత్తో ఎక్కించాను మేడం. ఒక్క పాట కూడా ఉంచుకోలేదు, మాట ఇచ్చాను కాబట్టి. ఇప్పుడనిపిస్తోంది, మాట తప్పి ఉంటే బాగుండేదని."

కచేరీ వీడియోలు చూపించాడు. తొమ్మిదీ పది నుంచి పన్నెండు దాకా వేదిక మీదే ఉన్నాడు. పక్కనే వయొలిన్‌తో గురువుగారు. యమున అతని పేరు కొట్టేసింది.

ఆ మధ్యాహ్నమే గోవింద్ తల్లి లక్ష్మణమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది.

"మా ఓడు ఏటి సేసినాడమ్మా?"

"విచారిస్తున్నాం."

"రెండ్రోజులు ఇసారిస్తారేటి? హోటలోళ్లు ఫోన్ సేసినారు. ఇంక పన్లోకి రావొద్దన్నారట. ఆడు ఆళ్లయ్యతో సేపల ఏటకెళ్లకుండా, ఏటేటో కోర్సులు సదివి, ఈ పని నేర్సుకున్నాడు. ఒకరి ఇంట్లో పుల్లముక్క ముట్టుకోడు. సూడు తల్లీ, ఆ మొగం సూసి సెప్పు, దొంగలాగున్నాడా?"

యమున చూడలేదు. చూస్తే పని చెడుతుందని ఆమె నమ్మకం. అది తప్పు నమ్మకమని చెప్పేవాళ్లు స్టేషన్‌లో ఎవరూ లేరు.

*

శుక్రవారం తొమ్మిదీ పదికి యమున గోవింద్ ఫోన్ ముందేసుకుని కూర్చుంది. అందులో భావనారాయణ గారి వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. సోమవారం సాయంత్రం ఆరూ పన్నెండుకి వచ్చింది.

"గోవింద్, ఈ మోత భరించలేకపోతున్నాను. తలనొప్పి వచ్చేస్తోంది. విను."

తర్వాత ఇరవై సెకన్లు మాట లేదు. గూఁ అని ఒకటే మోత. లావుపాటి తుమ్మెద డబ్బాలో ఇరుక్కున్నట్టు.

దాని కింద గోవింద్ జవాబు. బుధవారం సాయంత్రం వస్తానని, ర్యాక్‌కి రెండో కన్నం కొట్టాలని.

యమున ఫోన్ దించింది. మళ్లీ పెట్టి వింది. తలుపు దగ్గరికి వెళ్లి పిలిచింది.

"గోవింద్, ఈ మోత ఏమిటి?"

"స్పీకర్లలో వస్తాది మేడం. వడ్రంగి ర్యాక్ ఎనకాల ఒక్కటే కన్నం ఎట్టినాడు. కరెంటు వైరూ, పాట వైరూ ఎప్పుడూ ఎడమా కుడీ ఏరుగా నడవాలి. ఒక్క కన్నంలోంచి రెండూ రాసుకుని పోతే పాట వైరు కరెంటు మోత పట్టేస్తాది. మొదట్లో సన్నంగా ఉండీది. పోయిన వారం కొత్త యూపీఎస్ ఎట్టినాక పెద్దదయిపోనాది. టేకు కోసే బ్లేడు తెచ్చి రెండో కన్నం కొడదామనుకున్నాను."

"ఎప్పుడూ వస్తుందా?"

"ఆంప్లిఫైర్ ఆన్‌లో ఉంటే సాలు, వస్తాది."

"డిస్క్ తీసేస్తే ఆగుతుందా?"

"ఆగదు. డిస్క్‌కీ దానికీ సంబంధం నేదు."

యమున డైరీ వెనక్కి తిప్పింది. బుధవారం తను ఆ హాల్లో గంటసేపు ఉంది. ఆంప్లిఫైర్ దీపం పచ్చగా వెలుగుతోంది. తన గడియారం టిక్కు టిక్కు కూడా వినిపించింది. డిస్క్ పోయిన గాభరాలో మాస్టారు ఆ సంగతి గమనించినట్టు లేదు.

"కూర్మయ్యా, జీపు తియ్యి."

*

పదీ నలభై అయిదు. హాల్లో పోలీసులు కాక ఐదుగురు ఉన్నారు. సోఫాలో భావనారాయణ గారు, పక్కన కుర్చీలో బాలసరస్వతి. నిలబడి మోహనకృష్ణ. గుమ్మంలో ఈశ్వరి. గోవింద్ మోకాళ్ల మీద ర్యాక్ వెనక.

"వీడినెందుకు తెచ్చారు?" అన్నారు భావనారాయణ గారు.

యమున ర్యాక్ వెనక్కి టార్చి వేసింది.

"ఇది నా పని కాదు మేడం," గోవింద్ గొంతు వినిపించింది. "పాట వైరుని కన్నంలోంచి లాగేసి, పైన చీలికలోంచి తీసినారు. ఆంప్లిఫైర్ నెత్తిన ఏడి ఉంటాది. ఏడి మీంచి వైరు నాను తియ్యను. నా పనిలో ఎవుడూ తియ్యడు. ఇంకోటి, నాను గుడ్డపట్టీ ఏస్తాను. ఇక్కడ తెల్ల నూలుదారం ఉన్నాది."

"వైరు మళ్లీ కన్నంలో పెట్టు," అంది యమున.

పెట్టాడు. గూఁ అని హాలంతా మోగింది. భావనారాయణ గారు కణతలు పట్టుకున్నారు.

"ఇప్పుడు తీసి పైకి జరుపు. మెల్లగా."

మోత తగ్గింది. సన్నబడింది. దారం కట్టిన చోటికి వైరు చేరేసరికి పూర్తిగా పోయింది. రెండు వేళ్లు ఇటు జరిగితే ఉంది, అటు జరిగినా ఉంది. సరిగ్గా అక్కడే లేదు.

యమున ఆ దారం అందుకుని మోహనకృష్ణకి చూపించింది.

"ఇది దేనికి వాడతారు?"

అతని ముఖం పాలిపోయింది. "తంబురాకి మేడం. జీవా దారం. తీగకీ, కింద అది ఆనే గుర్రం చెక్కకీ మధ్య పెడతాం. వెంట్రుకవాసి జరుపుతూ వింటాం. ఒకచోట నాదం పలుకుతుంది, అక్కడ వదిలేస్తాం."

"కొలత ఉంటుందా?"

"ఉండదు. చెవే."

యమున అందరి వైపూ తిరిగింది.

"దొంగ డిస్క్ తీశాడు. తీసి పారిపోవాలి. పారిపోలేదు. నిలబడి మోత ఆపాడు. వింటూ వింటూ వైరు జరిపి, జీవా దారంతో కట్టాడు. గోవింద్ అయితే కన్నం కొట్టేవాడు. ఈశ్వరికి అది ఒక చప్పుడు, అంతే. మాస్టారూ, మోహనకృష్ణా వేదిక మీద ఉన్నారు. అపశ్రుతిలో మోగే దాన్ని అలా వదిలి పోలేని చెవి ఆ సమయానికి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది."

భావనారాయణ గారికి ఇంకా అర్థం కాలేదు. కాకూడదని అనుకుంటున్నారేమో.

"ఈశ్వరీ, మంగళవారం చెత్త ఎవరు వేశారు?"

"నానెయ్యలేదమ్మా. బండి పదీ నలబైకి వస్తాది. రోజూ బుట్ట గేటు కాడెట్టి ఎల్లిపోతాను. ఆ రోజు అమ్మగోరు ఒద్దని సెయ్యూపినారు."

"ఆవిడ పడుకుందన్నారుగా!" యమున సోఫా వైపు తిరిగింది. "తప్పు నాదే మాస్టారూ. ఆవిడ నాతో అబద్ధం ఆడలేదు. ఆవిడని అడిగి, మీ జవాబు రాసుకున్నాను."

బాలసరస్వతి బుక్కు తెరిచింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. రాసి యమునకి ఇచ్చింది. యమున పైకి చదివింది.

"రోకలితో మూడు దెబ్బలు వేశాను. చెత్తబండిలో వేశాను."

కూర్మయ్య అప్పటికే మున్సిపాలిటీ వాళ్లతో ఫోన్లో ఉన్నాడు. రెండు నిమిషాల్లో పెట్టేశాడు. మంగళవారం చెత్త ఆ సాయంత్రమే నొక్కే యంత్రంలో పడింది. తర్వాత దాని మీద మూడు రోజుల చెత్త పడింది.

"ముక్కలు దొరికితే పాటలు తియ్యొచ్చా?" మోహనకృష్ణ గోవింద్‌ని అడిగాడు.

"లోపల అద్దంలాటి బిళ్ల ఉంటాది బాబూ. రోకలి దెబ్బకే నుగ్గయిపోతాది. ఏటీ మిగల్దు."

భావనారాయణ గారు లేచారు. "ఎందుకు? ఎందుకు చేశావు?"

ఆవిడ చాలాసేపు రాసింది. యమున చదివింది.

"రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా డిస్క్‌లో ఆవిడ పాడుతుంది. మీరు కళ్లు మూసుకుని వింటారు. నేను కాఫీ తెచ్చి నిలబడతాను. చల్లారిపోతుంది. ఎవరొచ్చినా ర్యాక్ చూపించి ఇదే మా బాలసరస్వతి అంటారు. నేను పక్కనే ఉంటాను. ఆపరేషన్ అయి మూడేళ్లయింది. ఒక్క రోజు కూడా ఈ బుక్కు మీ అంతట మీరు తీసి చదవలేదు."

"మరి మోత ఎందుకు ఆపారమ్మా?" యమున అడిగింది.

ఆవిడ ఒక్క వరుస రాసింది.

"ఆయనకి తలనొప్పి వస్తోంది కదా."

గోవింద్ లేచి చేతులు దులుపుకున్నాడు.

"అమ్మగోరూ," అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. "రెండ్రోజులు నన్ను దొంగని కూకోబెట్టినారు. మీకు తెలుసు గదా. ఒక్క మాట రాస్తే అయిపోను గదా."

బాలసరస్వతి పేజీ వెనక్కి తిప్పి చూపించింది. గురువారం తారీకు ఉంది. గోవింద్ తీయలేదు, నేను తీశాను అని ఉంది. కింద భోజనాల బల్ల మీద పెట్టినట్టు చారు మరక. భావనారాయణ గారు ఆ రోజు బుక్కుని చదవకుండానే పక్కకి జరిపి కంచం పెట్టుకున్నారు.

అది నిజమే. కానీ స్టేషన్ ఆ ఇంటికి పది నిమిషాల దూరం. ఆవిడ వెళ్లి ఉండొచ్చు. వెళ్లలేదు. గోవింద్‌కి రెండు చేతులూ జోడించింది. అతను తల తిప్పుకున్నాడు.

"మేడం, ఆ హోటలోళ్లకి మీరు ఫోన్ సేసి సెప్తారా?"

"చెప్తాను."

"తిరిగి తీసుకుంటారా?"

యమున నిజం చెప్పింది. "తీసుకోరు. వేరే మనిషిని పెట్టేశారట. నిన్ననే."

గోవింద్ తల ఊపాడు. సర్దుకోవడానికి అతని దగ్గర పనిముట్ల సంచీ కూడా లేదు, అది హోటల్లో ఉండిపోయింది. ఊరికే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

భావనారాయణ గారు భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కొడతారేమోనని కూర్మయ్య ఒక అడుగు ముందుకేశాడు. ఆయన కొట్టలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

"నువ్వు పోయినా నీ గొంతు ఉండేదే సరస్వతీ!"

ఆవిడ పెన్ను తీసుకుంది. ఒకే మాట రాసి ఆయన కళ్ల ముందు పట్టుకుంది.

అందుకే.

ఆయన చదివారు. లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకునే కాగితం పట్టుకుని యమున పన్నెండున్నర దాకా హాల్లో కూర్చుంది. సంతకం కోసం రెండుసార్లు తలుపు కొట్టింది. ఆయన తియ్యలేదు. బాలసరస్వతి ఆ తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది, పిలవడానికి గొంతు లేక.